పొగ పరీక్షలో పాత ఇంజెక్షన్ కారు ఫెయిల్: సీఓ (కార్బన్ మోనాక్సైడ్) ఎక్కువ వచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతబండి_ప్రేమ
ఇరవై ఏళ్లు దాటిన పెట్రోలు కారు. నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక్కో ఇంజెక్టర్, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు (పొగలోని చెడు వాయువులను కాల్చే డబ్బా, క్యాట్) ముందు ఒకే ఒక ఆక్సిజన్ సెన్సర్. తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది, పికప్‌కి లోటు లేదు, లైటేమీ వెలగడం లేదు. అయినా పొగ పరీక్షలో ఫెయిల్. పరీక్ష చేసినతను క్యాట్ పోయింది, కొత్తది వేయించండి అన్నాడు. మెకానిక్ కాగితం వైపు చూడకుండానే ఆక్సిజన్ సెన్సర్ అన్నాడు. తెలిసినాయన ఒకరు ఇంజెక్టర్లు క్లీన్ చేయిస్తే సరిపోతుందంటున్నారు. అందరి మాటా వింటే ఖర్చు కారు విలువను దాటేలా ఉంది. అసలు దేనితో మొదలుపెట్టాలి?

టాప్‌గేర్_తమ్ముడు
క్యాట్ మార్చెయ్ బ్రో. అంత పాత క్యాట్ ఇంకా పనిచేస్తుందా? నాది మార్చాక వెంటనే పాసయింది.

నాలుగువాయువులు
ఇప్పుడే ఏదీ మార్చకు. కాగితంలో ఒక్క సీఓనే ఉండదు. హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు), సీఓ2, ఆక్సిజన్, లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ల అంకె) కూడా ఉంటాయి. ఐడిల్‌లో ఎంత, రేస్ చేసినప్పుడు ఎంత, రెండు వరుసలూ ఇక్కడ పెట్టు. అవి చూడకుండా మనం చెప్పేదంతా జోస్యమే.

పాతబండి_ప్రేమ
ఇవిగో.
ఐడిల్: సీఓ 1.8 శాతం, హెచ్‌సీ 410 పీపీఎం, సీఓ2 13.6, ఆక్సిజన్ 0.4, లాంబ్డా 0.95.
2500 ఆర్పీఎం: సీఓ 0.7, హెచ్‌సీ 160, సీఓ2 14.6, ఆక్సిజన్ 0.3, లాంబ్డా 0.99.

నాలుగువాయువులు
ఇక మాట్లాడుకోవచ్చు. పెట్రోలు పూర్తిగా కాలాలంటే బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. ఆ పాళ్లు సరిగ్గా కుదిరితే లాంబ్డా 1.00. నీది ఐడిల్‌లో 0.95, అంటే గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. మిక్చర్ రిచ్‌గా ఉంది. సీఓ అనేది సగం కాలిన పెట్రోలు గుర్తు. ఆక్సిజన్ చాలక సీఓ2 కావాల్సింది సీఓ దగ్గరే ఆగిపోయింది. హెచ్‌సీ ఏమో అసలు కాలకుండా బయటికొచ్చిన పెట్రోలు. నీ దాంట్లో ఆక్సిజన్ 0.4 మాత్రమే మిగిలింది కాబట్టి సిలిండర్ ఏదీ పెద్దగా మిస్సింగ్ కొట్టడం (నిప్పు అంటుకోకుండా పోవడం) లేదనుకోవచ్చు. మిస్సింగ్ ఉంటే పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్ కూడా బయటికి రావాలి కదా.

ఇప్పుడు క్యాట్ సంగతి. సీఓని, హెచ్‌సీని కాల్చడానికి క్యాట్‌కి కూడా ఆక్సిజన్ కావాలి. ఇంజిన్ రిచ్‌గా ఊదుతుంటే కొత్త క్యాట్ కూడా ఏమీ చేయలేదు. పైగా లాంబ్డా లెక్క అన్ని వాయువులనూ కలిపి కడతారు కాబట్టి క్యాట్ బాగున్నా పాడైనా ఆ అంకె పెద్దగా మారదు. 0.95 అంటే తప్పు క్యాట్‌కి ముందే ఉంది.

టాప్‌గేర్_తమ్ముడు
మరి నాది క్యాట్ మార్చితేనే ఎందుకు పాసయింది?

నాలుగువాయువులు
నీ లాంబ్డా 1.00 దగ్గర ఉండి ఉంటుంది. మిక్చర్ సరిగ్గా ఉండి, సీఓ, హెచ్‌సీ మాత్రం ఎక్కువైతే అప్పుడు క్యాట్‌ని అనుమానించాలి. కాగితం ఉంటే చూడు.

టాప్‌గేర్_తమ్ముడు
కాగితం ఎప్పుడో పారేశా. పాసైన కాగితం ఒక్కటే దాచుకున్నా 😄

స్పానర్‌బాబాయ్
నాలుగువాయువులు చెప్పినదానికి ఒకటి కలుపుతా. రెండు వరుసల తేడా చూడండి. ఐడిల్‌లో బాగా రిచ్, రేస్ చేస్తే దాదాపు సరిపోతోంది. ఇది చాలా చెబుతుంది. ఐడిల్‌లో ఇంజిన్‌కి కావాల్సిన పెట్రోలు కొంచెమే. అప్పుడు ఎక్కడినుంచో ఒక చుక్క అదనంగా పడినా పాళ్లు చెడిపోతాయి. 2500 దగ్గర ఆ చుక్కే మొత్తంలో కలిసిపోతుంది, మిగిలిన హెచ్చుతగ్గు ఇంజిన్ కంప్యూటర్ సర్దేస్తుంది. కాబట్టి ఇది లీకు జాతి రోగం. కారే ఇంజెక్టర్ కావచ్చు, పెట్రోలు ప్రెజర్ రెగ్యులేటర్ డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) కావచ్చు, మూసుకోని పర్జ్ వాల్వు (ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌కి పంపేది) కావచ్చు, పెట్రోలు కలిసిన ఇంజిన్ ఆయిల్ కావచ్చు. రెండు వేగాల్లోనూ ఒకేలా రిచ్ అయితే నేను కూలెంట్ సెన్సర్, ఎయిర్‌ఫ్లో మీటర్, మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్‌లో ప్రెజర్ కొలిచేది) పైపు వైపు వెళ్లేవాణ్ణి.

మల్టీమీటర్‌మనిషి
కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ని అంత తేలిగ్గా వదలకండి బాబాయ్. అది ఇంజిన్ చల్లగా ఉందని అబద్ధం చెబితే కంప్యూటర్ ఎప్పుడూ చోక్ లాగినట్టే పెట్రోలు పోస్తుంది. డాష్‌బోర్డు మీద ముల్లు సరిగ్గా చూపించినంత మాత్రాన నమ్మలేం, చాలా పాత కార్లలో ముల్లుకి ఒక సెన్సర్, కంప్యూటర్‌కి వేరే సెన్సర్. కనెక్టర్ తీసి ఓమ్స్ కొలవండి. వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గాలి. చాలా వాటిలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు కిలో ఓమ్స్, 80 డిగ్రీల దగ్గర మూడు వందల చిల్లర ఓమ్స్ వస్తుంది. కచ్చితమైన అంకెలకు మీ కారు మాన్యువల్ చూడాలి. పిన్నులకు పచ్చటి చిలుము పట్టిందేమో కూడా చూడండి, చిలుము రెసిస్టెన్స్‌ని కలిపి ఇంజిన్ చల్లగా ఉన్నట్టు చూపిస్తుంది.

థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయినా ఇదే కథ. అప్పుడు సెన్సర్ నిజమే చెబుతోంది, ఇంజినే వేడెక్కడం లేదు.

సందేహాలరాణి
మధ్యలో నా గోడు. నాకు సీఓ 0.2, బాగానే ఉంది, కానీ హెచ్‌సీ 600 దాటింది, ఆక్సిజన్ 2.5. మీరు చెప్పిన లెక్క ప్రకారం నాది మిస్సింగా?

స్పానర్‌బాబాయ్
అవునమ్మా, ఆ మూడు అంకెలూ కలిపి చూస్తే ముందు మిస్సింగే తడుతుంది. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ ఉంటే దాని క్యాప్, రోటర్ చూడు. రాత్రి చీకట్లో బానెట్ తెరిచి వైర్ల మీద స్ప్రే సీసాతో నీళ్లు మంచులా చల్లితే పాడైన వైరు దగ్గర నీలి మెరుపులు కనిపిస్తాయి. చేతులు దూరంగా పెట్టు, షాక్ గట్టిగానే కొడుతుంది. వైర్లు బాగుంటే వ్యాక్యూమ్ లీకు వెతుకు. మిక్చర్ మరీ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అయినా నిప్పు అంటుకోక ఇవే అంకెలు వస్తాయి. ఆ రెండూ కాకపోతే కంప్రెషన్ కొలిపించు, కాలిన వాల్వు కావచ్చు.

గ్యారేజీగోపి
రాణి గారూ, మిస్సింగ్ ఉంటే దాన్ని అలాగే ఉంచి ఎక్కువ తిప్పకండి. కాలని పెట్రోలు క్యాట్ లోపల కాలి అది ఎర్రగా అయిపోతుంది, లోపలి సెరామిక్ కరిగి దారి మూసేస్తుంది. వైరుతో పోయేది క్యాట్ దాకా పోతుంది.

టాప్‌గేర్_తమ్ముడు
పాతబండి భాయ్, ఎందుకింత టెన్షన్, సైలెన్సర్ పైపుకి చిన్న రంధ్రం పెట్టు. గాలి కలిసి సీఓ తగ్గిపోతుంది 😜

నాలుగువాయువులు
మిషన్‌కి ఆ మాత్రం తెలియదనుకున్నావా? గాలి కలిస్తే ఆక్సిజన్ పెరుగుతుంది, సీఓ2 పడిపోతుంది, లాంబ్డా 1.03 దాటిపోతుంది. లాంబ్డా చూసే చోట్ల 0.97 నుంచి 1.03 వరకే ఒప్పుకోవడం మామూలు. సీఓలో పాసై లాంబ్డాలో ఫెయిలవుతావు. పైగా ఆ రంధ్రం ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు పడిందో, బయటి గాలిని చూసి సెన్సర్ లీన్ అంటుంది, కంప్యూటర్ ఇంకా పెట్రోలు పోస్తుంది. నిజంగానే మేనిఫోల్డ్ పగిలి ఇలా రిచ్ అయిన బళ్లున్నాయి. ఆ మాటకొస్తే పాతబండి గారు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి మేనిఫోల్డ్ దగ్గర టక్‌టక్ చప్పుడు ఉందేమో వినాలి.

పాతబండి_ప్రేమ
మేనిఫోల్డ్ దగ్గర చప్పుడు లేదు. కూలెంట్ సెన్సర్ కొలిచా: చల్లగా 2.4 కిలో ఓమ్స్, వేడెక్కాక 290 ఓమ్స్. ముల్లు మధ్యలోనే ఉంది. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగానే ఉంది.

ఆక్సిజన్ సెన్సర్ వైరుకి మల్టీమీటర్ పెట్టి చూస్తే ఐడిల్‌లో 0.85 వోల్టుల దగ్గర బిగుసుకుపోయింది, కదలడం లేదు. మెకానిక్ చూసి "చెప్పానా, సెన్సర్ చచ్చిపోయింది" అంటున్నాడు. ఆర్డర్ పెట్టేయమంటారా?

మల్టీమీటర్‌మనిషి
ఆగండి ఆగండి. ఇక్కడే చాలామంది డబ్బులు తగలేస్తారు. జిర్కోనియా సెన్సర్ పని 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగడం. 0.45 పైన ఉంటే రిచ్, కింద ఉంటే లీన్. మీ పొగ నిజంగానే రిచ్ అని గ్యాస్ మిషన్ వేరుగా చెప్పింది కదా. మరి సెన్సర్ 0.85 చూపిస్తే అది చచ్చినట్టా, ఉన్న నిజం చెబుతున్నట్టా?

పరీక్ష ఇలా చేయండి. ఇంజిన్ బాగా వేడయ్యాక 3000 దాకా రేస్ చేసి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేయండి. వేగం దిగేటప్పుడు చాలా ఇంజెక్షన్ కార్లలో కంప్యూటర్ ఇంజెక్టర్లను కాసేపు ఆపేస్తుంది. అప్పుడు సెన్సర్ సున్నా వైపు టక్కున పడాలి. పడితే సెన్సర్ బతికే ఉంది.

ఓల్డ్‌స్కూల్_రాజు
నేను ఒప్పుకోను. సెన్సర్ పడినా లేచినా, పాతది నెమ్మదిస్తుంది. ఎటూ అరిగిపోయే భాగమే, అన్నేళ్లు వాడాక మార్చడంలో తప్పేముంది?

మల్టీమీటర్‌మనిషి
తప్పు లేదు రాజు గారూ, కానీ అది సర్వీసింగ్, రోగం కనిపెట్టడం కాదు. మార్చి మళ్లీ ఫెయిలైతే మనిషి దిగాలుపడి ఇంకోటి మారుస్తాడు. ఇక సెన్సర్ నిజంగా చచ్చినప్పుడు ఎక్కువగా వోల్టేజీ కిందే ఉండిపోతుంది. దాన్ని లీన్ అనుకుని కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది, పొగ రిచ్ అవుతుంది. అంటే సెన్సర్ లీన్ అంటూ, మిషన్ రిచ్ అంటే సెన్సర్ని పట్టుకోవాలి. ఇద్దరూ ఒకే మాట చెబితే పెట్రోలు ఎక్కడినుంచి వస్తోందో వెతకాలి. ఒక జాగ్రత్త: కొన్ని కార్లలో టైటానియా సెన్సర్ ఉంటుంది, దానికి ఈ వోల్టుల లెక్క పనికిరాదు.

పాతబండి_ప్రేమ
చేశాను. వదలగానే 0.1కి పడింది. ఐడిల్‌కి వచ్చాక మెల్లగా మళ్లీ 0.85. మెకానిక్ ఏమీ అనలేదు, టీ తాగడానికి వెళ్లిపోయాడు.

సందేహాలరాణి
😂

స్పానర్‌బాబాయ్
సెన్సర్‌కి క్లీన్ చిట్ వచ్చినట్టే. ఇక లీకు వేట.

ఇంజెక్టర్ల పట్టీ చివర గుండ్రటి డబ్బాలాంటిది ఉంటుంది, దాని నెత్తిన సన్నటి రబ్బరు పైపు, అది ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌లోకి వెళుతుంది. అదే ఫ్యూయల్ ప్రెజర్ రెగ్యులేటర్. ఇంజిన్ నడిపి, ఆపి, ఆ పైపు లాగి వాసన చూడు. లోపల పెట్రోలు తడి గానీ గాఢమైన వాసన గానీ ఉంటే డయాఫ్రం చిల్లుపడినట్టే. ఐడిల్‌లో మేనిఫోల్డ్ వ్యాక్యూమ్ ఎక్కువ కాబట్టి ఆ చిల్లులోంచి పెట్రోలుని నేరుగా ఇంజిన్‌లోకి పీల్చేస్తుంది. ఇంజెక్టర్లతో సంబంధం లేని పెట్రోలు అది, కంప్యూటర్ తన వంతు ఎంత తగ్గించినా ఒక హద్దు దాటి తగ్గించలేదు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు బీడీ సిగరెట్లు, నిప్పురవ్వలు దరిదాపుల్లో వద్దు.

కొత్త తరం కార్లలో రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉంటుంది, ఈ పైపు కనిపించదు. నీ కారు వయసుని బట్టి బయటే ఉండాలి.

గ్యారేజీగోపి
అక్కడ పొడిగా ఉంటే పర్జ్ వాల్వు చూడండి. ట్యాంకు ఆవిరిని చార్‌కోల్ డబ్బా నుంచి ఇంజిన్‌కి పంపే సన్నటి పైపుని ఐడిల్‌లో నొక్కి పట్టండి. ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ వెంటనే ఊగడం మొదలైతే అదే దొంగ.

ఓల్డ్‌స్కూల్_రాజు
డిప్‌స్టిక్ కూడా వాసన చూడు. ఆయిల్‌లో పెట్రోలు కలిసిపోయి ఉంటే బ్రీదర్ పైపు ద్వారా ఆవిరి మళ్లీ ఇన్‌టేక్‌లోకే పోతుంది. పీసీవీ పైపు (ఆ ఆవిరి వెళ్లే పైపే) పీకి చూడు, సీఓ తగ్గితే ఆయిలే కారణం.

నాలుగువాయువులు
రాజు గారూ, పీకి అలాగే వదిలేస్తే ఆ పైపులోంచి బయటి గాలి లోపలికి పోతుంది, ఆ గాలికే సీఓ తగ్గిపోతుంది. ఆయిల్ మంచిదైనా తగ్గుతుంది. పీకి, ఇన్‌టేక్ వైపు కొనని వేలుతో గానీ ప్లగ్గుతో గానీ మూయాలి. మూసినా తగ్గితేనే ఆయిల్ మీద నేరం మోపొచ్చు.

ఓల్డ్‌స్కూల్_రాజు
ఇది సరే. మూసే చూడండి.

పాతబండి_ప్రేమ
బాబాయ్! పైపు లాగగానే పెట్రోలు బొట్లు కారాయి. వాసన కాదు, బొట్లే. ఇంజిన్ ఆయిల్ కూడా పల్చగా ఉంది, డిప్‌స్టిక్ మీద మట్టం మాక్స్ గీత దాటి ఉంది, నేనేమీ పోయలేదు.

స్పానర్‌బాబాయ్
దొరికింది. రెగ్యులేటర్, దాని ఓ రింగు మార్చు. విప్పేముందు లైన్లో ప్రెజర్ వదిలించు: పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడిపి, ఆ తర్వాత బ్యాటరీ వైరు తీసెయ్. లేదంటే మొహాన కొడుతుంది. కొత్తది వేశాక గేజీ ఉంటే పెట్టి చూడు. చాలా కార్లలో ఐడిల్‌లో రెండున్నర బార్ చుట్టూ ఉంటుంది, వ్యాక్యూమ్ పైపు లాగితే మూడు బార్ వైపు లేవాలి. రిటర్న్ పైపు నొక్కుకుపోయిందేమో కూడా చూసుకో, అది మూసుకుంటే కొత్త రెగ్యులేటర్ ఉన్నా ప్రెజర్ ఎక్కువే ఉంటుంది.

గ్యారేజీగోపి
ఆయిల్, ఫిల్టర్ తప్పకుండా మార్చండి. పెట్రోలు కలిసిన ఆయిల్‌తో బేరింగులు అరిగిపోతాయి, పొగ సంగతి తర్వాత. ఆయిల్ మార్చకుండా పరీక్షకు వెళితే రెగ్యులేటర్ కొత్తదైనా హెచ్‌సీ ఎక్కువే చూపించవచ్చు.

టాప్‌గేర్_తమ్ముడు
ట్యాంకులో పోసే ఆ క్లీనర్ సీసా ఒకటి కలిపి కొడితే ఇంకా మంచిది కదా?

మల్టీమీటర్‌మనిషి
చిల్లుపడిన రబ్బరుని ఏ సీసా అతికిస్తుంది తమ్ముడూ? మురికి పట్టిన ఇంజెక్టర్లకు కొంత పనిచేయొచ్చు, కాదనను. ఈ బండికి మాత్రం అనవసరం.

ఈజీఆర్_బాధితుడు
నాదో తిరకాసు. సీఓ, హెచ్‌సీ రెండూ బాగున్నాయి, నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం హద్దు దాటాయి. రోలర్ల మీద లోడు పెట్టి చేసిన పరీక్ష. దీనికి కూడా రెగ్యులేటరేనా?

నాలుగువాయువులు
కాదు, నీది పూర్తిగా అవతలి ఒడ్డు. నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టేది మంట మరీ వేడెక్కినప్పుడు. మిక్చర్ లీన్‌గా ఉందా, టైమింగ్ ముందుకు జరిగిందా, ఇంజిన్ వేడెక్కుతోందా, పిస్టన్ల మీద మసి పేరుకుందా అని చూడాలి. నీ పేరులోనే ఉంది కాబట్టి ముందు ఈజీఆర్, అదే కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు. ఐడిల్‌లో వాల్వుని చేత్తో గానీ వ్యాక్యూమ్ పంపుతో గానీ తెరువు, గుడ్డ అడ్డం పెట్టుకో, కాలుతుంది. ఇంజిన్ తడబడితే దారి బాగుంది, వాల్వుకి వచ్చే కంట్రోల్ చూడాలి. తేడా ఏమీ రాకపోతే దారి మసితో పూడుకుపోయింది.

పాతబండి_ప్రేమ
రెగ్యులేటర్, ఆయిల్, ఫిల్టర్ మారాయి. సెన్సర్ ఇప్పుడు ఐడిల్‌లో కూడా 0.2కీ 0.8కీ మధ్య ఊగుతోంది. గోపి చెప్పినట్టు కాస్త దూరం నడిపి, క్యాట్ వేడిగా ఉండగానే పరీక్షకు పెట్టా. వరసలో ఇంజిన్ ఆపలేదు.

ఐడిల్: సీఓ 0.15, హెచ్‌సీ 60.
2500: సీఓ 0.10, హెచ్‌సీ 30, సీఓ2 15.1, ఆక్సిజన్ 0.2, లాంబ్డా 1.00. పాస్.

గ్యారేజీగోపి
నేను నడిపి వెళ్లమనలేదు, మనసులో అనుకున్నా 😄 కానీ మంచి పని. మూడు వందల డిగ్రీల దాకా వేడెక్కితే గానీ క్యాట్ సరిగ్గా పనిచేయదు.

నాలుగువాయువులు
ఆ అంకెలు చూస్తే పాత క్యాట్ ఇంకా బాగానే పనిచేస్తోంది. అయితే అంతకాలం రిచ్ పొగ పీల్చింది కాబట్టి ఎంత బలం మిగిలిందో ఒక్క పరీక్షతో తేలదు. వచ్చేసారి కాగితం పక్కన పెట్టి పోల్చుకో. లాంబ్డా 1.00 దగ్గరే ఉండి సీఓ, హెచ్‌సీ పైకి పాకుతుంటే అప్పుడు క్యాట్ కొను.

టాప్‌గేర్_తమ్ముడు
అంటే చివరికి క్యాట్ కొనాల్సిందే 😎

సందేహాలరాణి
నా బండిలో మూడో సిలిండర్ వైరు చీకట్లో దీపావళి చేసింది. వైర్ల సెట్టు మొత్తం మార్చాలా, ఒక్కటి చాలా?

స్పానర్‌బాబాయ్
సెట్టు మార్చమ్మా, మిగతావీ దాని వయసువే. ఆ సిలిండర్ ప్లగ్గు పింగాణీ మీద నల్లటి గీత ఉందేమో చూడు, ఉంటే ప్లగ్గు కూడా మార్చు. లేకపోతే కొత్త వైరు కూడా అదే దారిలో కాలుతుంది.

ఈజీఆర్_బాధితుడు
వాల్వు తెరిచినా ఇంజిన్‌లో ఏ తేడా లేదు. విప్పి చూస్తే దారిలో పెన్సిల్ కూడా దూరనంత మసి. గోకుతున్నా. గాస్కెట్ కొత్తది వేయాలా, పాతదే సరిపోతుందా?

స్పానర్‌బాబాయ్
కొత్తదే వెయ్. ఇన్‌టేక్ వైపు గాలి పీలిస్తే మిక్చర్ లీన్ అయి మళ్లీ అదే నైట్రోజన్ గొడవ.